ఆరో అడుగు తడబాటు

మా మేనల్లుడు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నాడు. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే క్లాసులో కనపడడు, బరాత్‌లో కనపడతాడు. బ్యాండులో ప్యాడ్స్ వాయిస్తాడు. మొన్నొకరోజు వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు.

"మామా, సింకోపేటెడ్ అంటే తెలుగుల ఏమంటరు?"

ఫోన్ అప్పటికే జవాబు చెప్పేసింది: లయ తప్పిన. వాడికి అది నచ్చలేదు. "లయ తప్పితే మా మాస్టర్ ఊకుంటడా? ఇది తప్పుడు గాదు మామా, తప్పినట్టు కొట్టుడు" అన్నాడు.

ముప్పై ఏళ్లు ఛందస్సు పాఠం చెప్పినవాణ్ని. తప్పడానికీ, తప్పినట్టు కొట్టడానికీ ఉన్న తేడాను ఇంత సూటిగా ఏనాడూ చెప్పలేకపోయాను. ఆ ఇంగ్లీషు విశేషణం పుట్టుక వెతుకుతూ పోతే అది నన్ను తిప్పి తిప్పి మళ్లీ మన జిల్లాకే తెచ్చి, గంగాధర మండలం కురిక్యాలలోని ఒక గుట్ట కింద నిలబెట్టింది.

ముందు మాట సంగతి. దాని మూలం గ్రీకు. 'కలిపి కొట్టడం', 'కోసేయడం' అనే అర్థాలున్న ధాతువు నుంచి సింకోపీ వచ్చింది. వైద్యులు దాన్ని హఠాత్తుగా స్పృహ తప్పడానికి వాడారు, ఇప్పటికీ వాడుతున్నారు. వ్యాకరణం రాసేవాళ్లు మాట నడుమ నుంచి ఒక శబ్దం రాలిపోవడానికి వాడారు. మనకూ అలాంటివి బోలెడు. 'చేసినది' నడుమ ఒక అచ్చు రాలి 'చేసింది' అయింది. మన దగ్గర 'వచ్చినాడు' ఇంకాస్త నలిగి 'వచ్చిండు' అయింది. సంగీతం రాసుకునేవాళ్లు ఈ మాటను తీసుకునేసరికి కోత అక్షరం మీద కాక దెబ్బ మీద పడింది. దెబ్బ పడాల్సిన చోట కొత్త స్వరం రాదు. దానికి ముందే మొదలైన స్వరం ఆ చోటు మీదుగా సాగిపోతుంది. ఆ దెబ్బను చెవి వినదు, ఒళ్లు వింటుంది.

ఈ విశేషణాన్ని లోకమంతా మోసుకెళ్లింది అమెరికాలోని నల్లవారి సంగీతం. స్కాట్ జోప్లిన్ 'మేపుల్ లీఫ్ రాగ్' 1899లో అచ్చయింది. ఆ తరహా సంగీతం పేరు రాగ్‌టైమ్. మన రాగానికీ దానికీ చుట్టరికం లేదు. ఆ 'రాగ్' చిరుగుపాతకు సంబంధించిన మాట అని చాలామంది చెబుతారు, అంటే చిరుగుల కాలం అన్నమాట. పియానో మీద ఎడమచేయి గడియారంలా నడుస్తూ ఉంటుంది. కుడిచేయి ఆ నడక మీద చిరుగులు పెడుతూ పోతుంది. ఎడమచేయి ఆగిపోతే కుడిచేతిది వట్టి గందరగోళం. ఇంగ్లీషులో ఈ మాట వాడేవాళ్లు మరిచిపోకూడని సంగతి ఇదే: కింద తప్పని నడక ఉంటేనే పైన తప్పినట్టు కొట్టడం కుదురుతుంది. తాగినవాడి నడకను సింకోపేటెడ్ అనరు. తాగినట్టు నటించే భాగవతుడి నడకను అనొచ్చు.

వరసగా ఒకేలా సాగేదాన్ని ఇంగ్లీషువాళ్లు మెట్రొనామిక్ అంటారు. 1815లో మెల్జెల్ అనే జర్మన్ పేటెంటు తీసుకున్న మెట్రొనోమ్ అనే యంత్రం నుంచి ఆ మాట వచ్చింది. (అసలు పనితనం డచ్చి దేశంలో ఉన్న వింకెల్‌ది, పేరు మాత్రం మెల్జెల్‌కు దక్కింది.) మనవాళ్లకు ఆ యంత్రాన్ని చూపించనక్కర్లేదు, సిరిసిల్ల సందుల్లోకి తీసుకెళ్తే చాలు. సాంచాల (మరమగ్గాల) సప్పుడే మెట్రొనామిక్. సాంచా నడిపేవాడు ఆ చప్పుడులోనే మాట్లాడతాడు, చాయ్ తాగుతాడు. పోగు తెగి చప్పుడు మారితే మాత్రం ఉలిక్కిపడి లేస్తాడు. అది లయ తప్పడం, అందులో అందం ఏమీ లేదు, గుడ్డకు నష్టం. మా వాడు అడిగిన మాట ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంది.

కర్ణాటక సంగీతంలో వెతికితే అతీతం, అనాగతం అనే గ్రహాలు దొరుకుతాయి. తాళం మొదలుకాకముందే పాట ఎత్తుకోవడం ఒకటి, తాళం మొదలయ్యాక ఎత్తుకోవడం ఇంకొకటి. దగ్గరి చుట్టాలే కానీ అవి ఎత్తుగడ సంగతులు. నాకు కావలసింది నడక నడుమ పడే తడబాటు. అది మన కందంలో ఉంది. అందులో దాన్ని నియమం చేసి మరీ పెట్టారు.

కందం నాలుగు మాత్రల గణాల మీద నడుస్తుంది. గగ, భ, జ, స, నలం. గణాలు ఈ అయిదే, ఆరోది లేదు. మొదటి పాదంలో మూడు, రెండో పాదంలో అయిదు, కలిపి ఎనిమిది. మూడు, నాలుగు పాదాలు మళ్లీ అంతే. బళ్లో దీన్ని లెక్కల పాఠంలా చెబుతాం. బేసి గణం జగణం కారాదు, ఆరోది జగణమో నలమో కావాలి, ఎనిమిదోదాని చివర గురువు ఉండాలి. పిల్లలు బట్టీపట్టి పరీక్ష రాసి మరిచిపోతారు. ఎందుకు కారాదు, ఎందుకు కావాలి అని ఎవరూ అడగరు. నిజం చెప్పాలంటే నేనూ చెప్పలేదు.

చప్పట్లతో చూస్తే తెలుస్తుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రల గణంలో ఒకటో మాత్ర మీద ఒకటి, మూడో మాత్ర మీద ఒకటి, రెండు చప్పట్లు కొట్టండి. గగలో రెండు గురువులూ సరిగ్గా రెండు చప్పట్ల మీదే పడతాయి. భగణంలో మొదట గురువు, మూడో మాత్ర దగ్గర కొత్త లఘువు. సగణంలో రెండు లఘువులు అయిపోగానే రెండో చప్పట్లో గురువు. నలంలో మాత్రకొక అక్షరం కాబట్టి పేచీ లేదు. ఇక జగణం. లఘువు, గురువు, లఘువు. మొదటి చప్పట్లో లఘువు పడుతుంది. గురువు రెండో మాత్రలో మొదలై మూడో మాత్ర దాకా సాగుతుంది. రెండో చప్పట్లో చేయి పడే వేళకు కొత్త అక్షరం లేదు, పాత గురువే ఇంకా మోగుతూ ఉంది. అయిదు గణాల్లో ఈ పని చేసేది జగణం ఒక్కటే. రాగ్‌టైమ్‌లో కుడిచేయి చేసే పని ఇదే.

అలాంటి గణాన్ని ఒకటో చోట, మూడో చోట, అయిదో చోట, ఏడో చోట రానివ్వలేదు. ఆరోచోట మాత్రం రమ్మన్నారు. అయిదు గణాల పాటు వినేవాడి ఒంట్లో నడక కుదురుతుంది. ఆరోచోట ఒక్కసారి కాలు తడబడుతుంది. ఏడు సర్దుతుంది. ఎనిమిదో గణం చివర గురువు మీద పాదం గట్టిగా ఆనుతుంది. 'కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు' అన్న సామెత ఊరికే రాలేదు. 

వేరేవాళ్ల పద్యాన్ని కోసి చూపించడం ఎందుకని మా వాడి కోసం నేనే ఒకటి కట్టాను. పాదం చివర సరళాదేశాల దగ్గర పండితులు నన్ను మన్నించాలి.

నడకలు చక్కగ సాగును
తడబడు నారవ దొకింత తాళములోనన్
పడిపో దెన్నడు పద్యము
కడ గురువున నిలిచి నవ్వు కందము గనుమా

నడకలు, చక్కగ, సాగును: మూడు గణాలు. తడబడు, నారవ: అయిదయ్యాయి. ఆరోది 'దొకింత', అదే జగణం. రెండో సగంలో ఆరోది 'చి నవ్వు', అదీ జగణమే. మా వాడు టేబుల్ మీద వేళ్లతో కొట్టి చూసి, 'నవ్వు' దగ్గర చేయి ఆపి నవ్వాడు. "అరె, ఇది ప్యాడ్‌ల పడ్తది" అన్నాడు.

ఈ తడబాటును ముందుగా కనిపెట్టింది తెలుగువాళ్లు కాదు, కన్నడిగులూ కాదు. ప్రాకృతంలో గాథ అనే పద్యం ఉంది. సంస్కృతంలో దాన్నే ఆర్య అన్నారు. నాలుగు మాత్రల గణాలు, ఆరోచోట జగణమో నలమో, బేసిచోట జగణ నిషేధం, అన్నీ అందులోవే. ఆరోచోట నాలుగు లఘువులు వేస్తే రెండో లఘువు నుంచి కొత్త పదం మొదలవ్వాలని పింగళుడి సూత్రాల్లో ఉంది. జగణం లేకపోయినా మాట విరుపుతో ఆ తడబాటును నిలపాలని ఎంత పట్టుదలో చూడండి. తెలుగులో ఆ కట్టుబాటు లేదు. గాథ రెండో సగంలో మరీ విడ్డూరం, ఆరో గణం మొత్తానికి ఒకే ఒక్క లఘువు ఉంటుంది. మూడు మాత్రలు నిజంగానే కోసేశారు. అందుకే ఒక సగం ముప్పై మాత్రలు, ఇంకో సగం ఇరవై ఏడు.

గాథలను ఏడు వందలుగా కూర్చినవాడు శాతవాహన రాజు హాలుడని ప్రసిద్ధి. శాతవాహనుల తొలిరోజుల నాణేలు, శిముకుడి పేరున్నవి కూడా, దొరికిన కోటిలింగాల పాత కరీంనగర్ జిల్లాలోదే, గోదావరి ఒడ్డున ఉంది. హాలుడు అక్కడ కూర్చుని గాథలు ఏరాడని నేననను. అలా అంటే మన జిల్లావాళ్లు చప్పట్లు కొడతారు కానీ ఆధారం లేదు. ఆ రాజవంశపు నేల మీద ఆ నడక మోగిందన్నంత వరకు అనొచ్చు.

తరువాత గాథ రెండు సగాలనూ ఎనిమిదేసి గణాలకు నింపి సమానం చేశారు. ముప్పై రెండూ ముప్పై రెండూ, అరవై నాలుగు మాత్రలు. దాని పేరు స్కంధకం. వాకాటక రాజు ప్రవరసేనుడి ప్రాకృత కావ్యం 'సేతుబంధం' నిండా అదే. స్కంధకమే నోళ్లలో నలిగి కందమైంది. ఈ పేరులోనూ నడుమ ఒక శబ్దం రాలింది చూశారా? ఈ పద్యం పేరు కూడా సింకోపేటెడే.

కన్నడంలో తొమ్మిదో శతాబ్దపు 'కవిరాజమార్గం' చాలావరకు కందాల్లోనే ఉంది. తెలుగులో అప్పటికి మన దేశి నడకలే శాసనాల్లో కనిపిస్తాయి. అద్దంకి దగ్గర పండరంగడి శాసనంలో తరువోజ, బెజవాడలో యుద్ధమల్లుడి శాసనంలో మధ్యాక్కర. కందం ఏ దారిన తెలుగులోకి దిగింది అంటే, మనకు దొరికినంతలో మొదటి జాడ మొదట చెప్పిన కురిక్యాల గుట్ట, బొమ్మలగుట్ట మీద ఉంది.

మా వాణ్ని బండి ఎక్కించుకుని వెళ్లాను. కరీంనగర్ నుంచి జగిత్యాల దారిలోనే కురిక్యాల. గుట్ట మీద బండకు చక్రేశ్వరి, తీర్థంకరుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. వాటి దగ్గరే అక్షరాలు. ఊరివాళ్లు బొమ్మలమ్మ గుట్ట అనీ అంటారు. బొమ్మ ఉన్నచోట అమ్మ ఉంటుంది, మన దగ్గర అంతే. జైనమతం పోయినా దేవత పోలేదు.

శాసనం సుమారు 945 నాటిది. వేయించినవాడు జినవల్లభుడు. ఇతని అన్న కన్నడ ఆదికవి పంపడు. వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి ఆస్థానంలో 'విక్రమార్జున విజయం' రాసినవాడు, 941లో 'ఆదిపురాణం' ముగించినవాడు. పంపడి ఇంటి సంగతులు లోకానికి వివరంగా తెలిసింది ఈ బండ వల్లనే. తండ్రి భీమపయ్యది వేంగి నాట వంగిపర్రు. తల్లి అబ్బణబ్బె అణ్ణిగేరి జోయిస సింఘడి మనుమరాలు. అంటే నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు కన్నడం. అన్నదమ్ములు బతికింది వేములవాడ చాళుక్యుల నేల మీద. శాసనం కూడా ఆ ఇంటిలాగే ఉంది, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. త్రిభువనతిలకమనే బసది, కవితాగుణార్ణవమనే చెరువు, మదనవిలాసమనే తోట గురించి చెప్పి, చివరకు వచ్చేసరికి మూడు తెలుగు కందాలు. జినభవనాలు ఎత్తించడం, జినపూజలు చేయడం, జినమునులకు అన్నదానం ఇవ్వడం, ఇవన్నీ జినవల్లభుడి గుణాలని పొగడ్త. కవిత్వంగా చూస్తే గొప్పేమీ కాదు. నడక మాత్రం తయారై వచ్చిన నడక. తొలి అడుగులు వేస్తున్న పిల్లవాడిది కాదు, ఊరూరూ తిరిగొచ్చిన మనిషిది.

అందుకే నా నమ్మకం ఒకటి. కందం ఛందశ్శాస్త్రం పుస్తకం చంకన పెట్టుకుని తెలుగులోకి రాలేదు. రెండు భాషలు మాట్లాడే ఇళ్లలో, ఒక భాషలో కుదిరిన నడక మీద ఇంకో భాష మాటలు పెట్టి చూసుకునేవాళ్ల నోట్లో నుంచి వచ్చింది. ఇవాళ మా వాడు ఎక్కడి పాటకో కట్టిన బీటు మీద మల్లన్న పాట పెట్టి వాయిస్తాడు. అప్పుడూ అదే జరిగి ఉంటుంది. ఆ రోజుల్లో ఈ ప్రాంతం మూలన పడి ఉన్నది కూడా కాదు. సోమదేవసూరి 959లో 'యశస్తిలక చంపువు' ముగించిన గంగాధార ఈ గంగాధరేనని చాలామంది పండితుల మాట. నన్నయ భారతం మొదలుపెట్టడానికి ఇంకా వంద సంవత్సరాల దాకా ఉంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఈ కురిక్యాల శాసనం పేరు మళ్లీ పత్రికల్లోకి ఎక్కింది. తరువాత ఎప్పటిలాగే దిగిపోయింది.

బండ మీది పాత లిపి మా వాడికి రాదు. నేను శాసన సంపుటిలోంచి కాగితం మీద ఎత్తి రాసుకున్న పద్యాలు చదువుతుంటే వాడు తొడ మీద కొడుతూ కూర్చున్నాడు. కాసేపటికి తనే ఓ మాట అన్నాడు. పోయిన దీపావళికి దోస్తులతో ఆదిలాబాద్ జిల్లా గోండు గూడేలకు దండారి పండుగ చూడబోయాడట. నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలు దిగగానే డప్పుల దెబ్బను ఫోన్లో రికార్డు చేసి లెక్క రాసుకుందామనుకున్నాడు. లెక్క చిక్కలేదు. "ఎక్కడ మొదలైతదో సమజ్ కాలే మామా. ఆళ్ల కాళ్లకు మాత్రం ఎరికే" అన్నాడు. గుస్సాడీ నేర్పుతూ జీవితమంతా గడిపిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన లెక్క రాసి నేర్పినవాడు కాడు, పక్కన నిలబెట్టి ఆడించి నేర్పినవాడు. ఆ డప్పుల్లో ఎన్ని మాత్రలో, ఏ మాత్ర మీద కోతో చెప్పగలిగినవాణ్ని నేను కాను. గోండు పెద్దలను అడిగి నేర్చుకోవాలి. కందంతో పోలిక పెట్టి వాళ్ల విద్యను మన పుస్తకంలోకి లాక్కోవడం నాకిష్టం లేదు. కానీ మా వాడి మాటలో సారం ఉంది. లెక్క కాళ్లలో ఉన్నవాడికి తడబాటు ఆట. కాళ్లలో లేనివాడికి అది వట్టి అయోమయం.

మన 'లయ' అనే మాటకే కలిసిపోవడం అని అర్థం. ప్రళయంలో ఉన్నదీ ఆ లయే. అలా చూస్తే 'లయ తప్పిన' అన్న ఫోన్ తర్జుమా మరీ అన్యాయం. సింకోపేటెడ్ అంటే లయలోంచి బయటపడటం కాదు, దెబ్బ లయలో కరిగి కనపడకుండా పోవడం. ఓ మాట కావాలని మా వాడు పట్టుబట్టాడు. గుట్ట దిగుతూ చాలా అనుకున్నాం. 'ఎదురుదెబ్బ' అంటే రాజకీయ వార్తలా ఉంది. 'మింగిన దెబ్బ' అంటే తిన్న దెబ్బలా ఉంది. చివరికి 'దాటుదెబ్బ' దగ్గర ఆగాం. దాటుదెబ్బల నడక, దాటుదెబ్బల పాట, దాటుదెబ్బ గణం. వాడు ఫోన్లో అదే రాసుకున్నాడు.

దిగేటప్పుడు వాడు ఇంకోటి అడిగాడు, ఇంత పెద్ద బండను ఎవరన్నా కోసుకుపోతే ఎట్లా అని. పిల్లవాడి అనుమానం కాదది. కరీంనగర్ గ్రానైట్ సముద్రాలు దాటి పోతోంది. జిల్లాలో గుట్టలకు గుట్టలే పలకలై లారీలు ఎక్కాయి. వెయ్యేళ్లకు పైబడిన మూడు కందాలున్న బండ చుట్టూ గీత గట్టిగా ఉండాలి, కాపలా ఉండాలి, అక్షరాలను చదివి చెప్పే బోర్డు ఒకటి తెలుగులో ఉండాలి. ఇది అడగడానికి పండితులే కానక్కర్లేదు.

ఇక మీకొక పని. ఈసారి ఏ శతకంలో కందం కనపడినా అర్థం పక్కన పెట్టి ముందు చప్పట్లు కొట్టుకుంటూ చదవండి. ఆరో గణం జగణమైతే అక్కడ మీ చేయి ఒక్క క్షణం వెతుక్కుంటుంది. మీ ఊళ్లో డప్పు కొట్టేవాళ్లు, డోలు కొట్టే ఒగ్గువాళ్లు ఆ చోటుకు ఏ పేరు పెట్టుకున్నారో అడిగి, దాటుదెబ్బ కన్నా మంచి మాట దొరికితే రాసి పంపండి. మా వాడు ఫోన్లో మార్చుకుంటానన్నాడు.